సొట్టల గ్లాసు

ఈ కొండల్లో దాన్ని పడదోసే జబ్బు అంటారు.
తోసేదెవరో మాత్రం చెప్పరు.
నా చేతిలో ముప్పైరెండు ప్రశ్నల కాగితం,
నాలుక మీద నిన్నటి బస్సు దుమ్ము.

జెరితు తలుపు తీసింది, లోపలికి రమ్మంది.
నేల మీద పచ్చగడ్డి పరిచి
కాఫీ గింజలు పెనం మీద వేసింది.
ఇథియోపియాలో ప్రశ్నకు ముందు పొగ రావాలి,
జవాబు తేలేసరికి మూడు కప్పులు అవ్వాలి.
తొందరున్నవాడు గుమ్మంలోంచే వెళ్ళిపోవాలి.

మొదటి కప్పు. చిక్కగా, చేదుగా, చిటికెడు ఉప్పుతో.
అంటుకుంటుందా? అన్నాను.
అంటుకోదు. రేడియోలో చెప్పారు.
దయ్యమా?
దయ్యం కాదమ్మా, మెదడు. ఇక్కడ, అని కణత చూపించింది.
మందుందా?
ఆరోగ్య కేంద్రంలో తెల్ల బిళ్ళలు. ఎప్పుడూ ఉండవనుకో.
టిక్కు, టిక్కు, టిక్కు.
ఊరంతటికీ ఫస్టు మార్కు ఈవిడదే.

రెండో కప్పు. అదే పొడికి మళ్ళీ నీళ్ళు.
ఎప్పుడైనా చూశారా, పడిపోవడం?
ఆమె కూజా మెడ పట్టుకుని కాసేపు ఊరుకుంది.
మా మరిది, బెర్గా. రెండు వానాకాలాల కింద.
పొయ్యి అదిగో, ఇంటి నడిమధ్య.
అందులోకే పడ్డాడు.
మేం ఎనిమిది మందిమి. నిలబడ్డాం.
నురగ ఆరేదాకా ముట్టుకోకూడదని
మామగారు చెయ్యి అడ్డం పెట్టాడు.
వాసన చూపిస్తే లేస్తారంటారు కదా,
అగ్గిపుల్ల గీశాను నేనే.
కాలుతున్న మనిషికి, అమ్మా,
అగ్గిపుల్ల గీశాను.

ఆ జవాబుకు కాగితంలో గడి లేదు.
ఇతరములు అని చివర ఒక చిన్న గీత ఉంటుంది,
నా అక్షరాలు అందులో పట్టలేదు.

పదిహేడో ప్రశ్న:
ఆ జబ్బున్న మనిషితో ఒకే పళ్ళెంలో తింటారా?
ఎందుకు తినం, అంది. గట్టిగానే అంది.
ఆమె వెనక, గడపకు అవతల, గోడకు ఒక మేకు.
మేకుకు ఒక రేకు గ్లాసు, సొట్టలు పడి,
చెవి ఊడితే తాడు కట్టి.
మిగతా కప్పులన్నీ ఒకే పళ్ళెంలో
ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

తింటారు, అని టిక్కు పెట్టాను.
విన్నది రాయమన్నారు గాని
చూసింది రాయమనలేదు.

నువ్వు చేసుకుంటావా అలాంటి వాణ్ణి?
ఉన్నట్టుండి ఆమె అడిగింది.
అడిగేవాళ్ళు జవాబు చెప్పకూడదు, అది నియమం, అన్నాను.
నియమం ఎంత చల్లని గొడుగో
ఆ పూట తెలిసింది.

నా సంచీ అడుగున
దగ్గు మందు చీటీ అతికించిన సీసాలో
అవే తెల్ల బిళ్ళలు.
పొద్దునొకటి, రాత్రొకటి,
ఎవరిదో దొడ్డి వెనకాల, నీళ్ళు లేకుండా.
ఉద్యోగం దరఖాస్తులో జబ్బులు అన్నచోట: లేవు.
పదకొండేళ్ళుగా నా మేకు నేనే కొట్టుకున్నాను,
గోడకు లోపలి వైపున.

మూడో కప్పుకు వాళ్ళు దీవెన అని పేరు పెట్టారు.
పల్చగా, ఇంచుమించు నీళ్ళే.
అది పోస్తుండగా బెర్గా వచ్చాడు,
ఎడమ చేతి వేళ్ళు మూడు ఒకటిగా అతుక్కుపోయి.
గడప బయటే ఆగాడు. ఎవరూ ఆగమనలేదు.
గ్లాసు తనే తీసుకున్నాడు. చాచాడు.
జెరితు కూజా పైకెత్తి
అంచుకు తగలకుండా, జానెడు ఎత్తు నుంచి పోసింది.
ఒక్క బొట్టు ఒలకలేదు.
అంత నేర్పు రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో.

నన్నేమైనా అడుగుతారా? అన్నాడు బెర్గా,
కాగితం కేసి చూస్తూ.
ఇంకా పదిహేను ప్రశ్నలున్నాయి.
అన్నీ చుట్టుపక్కల వాళ్ళకే.
కాగితం తిరగేసి చూశాను.
వెనకవైపు అంతా తెలుపు.